తువ్వాలు మీది చీటియు, బావిలోని నీరును

పెద్ద హోటలు గదిలో దిగిన బాటసారికి స్నానపుగదిలో మొదట కనబడునది తువ్వాలు మీద నిలిపిన ఒక చిన్న చీటి. భూమాతను కాపాడుటలో మాకు తోడ్పడుడు, తువ్వాలును మరల వాడదలచిన యెడల కొక్కెమునకు తగిలింపుడు, ఉతకవలయునన్నచో నేలమీద వేయుడు అని దానిపై ముచ్చటగా అచ్చు వేసియుందురు. అంచున ఒక పచ్చని ఆకు బొమ్మయు ఉండును. ఆ మాట మన్నించి తువ్వాలును కొక్కెమునకు తగిలించిన పెద్దమనిషి తానేదో లోకోపకారము చేసితినని తృప్తిపడి, జల్లు క్రింద స్నానమునకు నిలుచును. నిమిషమునకు సుమారు 10 లీటర్ల చొప్పున కురియు జల్లు క్రింద 10 నిమిషములు నిలిచిన యెడల 100 లీటర్లు తూములోనికి పోవును. ఆ పెద్దమనిషియే తన ఇంటిలో ఒక బకెట్టు నీటితో స్నానము ముగించి, కుళాయి కట్టలేదని పిల్లలను మందలించువాడు.

ఈ చీటికి ఒక చరిత్ర కలదు. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అను అమెరికా దేశపు పర్యావరణవాది ఇట్టి చీటులను గూర్చియే వ్రాయుచు ‘గ్రీన్‌వాషింగ్’ అను మాటను పుట్టించెను. పసిఫిక్ సముద్ర ద్వీపములలోని ఒక విహారకేంద్రమువారు, తువ్వాళ్లను పొదుపుగా వాడి సముద్రమును కాపాడుడని అతిథులను వేడుకొనుచు, మరియొక ప్రక్కన తమ కట్టడములను పెంచుకొనుచుండుట ఆయన కంటబడినది. పైకి పచ్చపూత, లోపల పాత వ్యాపారమే! ఈనాడు ఆ మాట ప్రతి వ్యాపారమునకు వర్తించుచున్నది గాని, పుట్టినది మాత్రము హోటలు స్నానపుగదిలోనే.

చీటి వలన బొత్తిగా ప్రయోజనము లేదని మేమనము. గోల్డ్‌స్టీన్, చల్డీని, గ్రిస్కెవిషియస్ అను పరిశోధకులు అమెరికాలోని ఒక హోటలులో జరిపి 2008లో ప్రకటించిన పరీక్షలో, పర్యావరణమును కాపాడుడని మాత్రమే వ్రాసినపుడు నూటికి 35 మంది తువ్వాలును మరల వాడిరి. ఇక్కడ దిగినవారిలో అధికసంఖ్యాకులు అట్లే చేయుచున్నారని వ్రాసినపుడు 44 మంది వాడిరి. నలుగురితో పాటు నడచుట మనుష్య స్వభావము. మా అభ్యంతరము చీటిపై కాదు. చీటితోనే హోటలు ధర్మము ముగిసినదనుటపై. తువ్వాలు ఉతకనందున మిగిలిన సబ్బు, నీరు, కరెంటు, కూలి ఎవరి ఖాతాలో జమయగుచున్నవి? యజమాని ఖాతాలో. త్యాగము అతిథిది, లాభము యజమానిది, కీర్తి భూమాత పేరిట ఆయనకే. ఊరి బావికి దక్కినదేమి?

బావి మాట వచ్చినది గనుక అంకెలు చూతము. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ గ్రామవాసి యొక్కరికి రోజునకు 55 లీటర్ల నీరు ఇంటికే చేర్చవలెనని సంకల్పించెను. మురుగు కాలువల ఏర్పాటున్న నగరములలో మనిషికి 135 లీటర్లు ప్రమాణము. 2016 నాటి జాతీయ నిర్మాణ నియమావళి మూడు నక్షత్రముల వరకు గల హోటళ్లలో మనిషికి 180 లీటర్లు, ఐదు నక్షత్రముల హోటళ్లలో 320 లీటర్లు, భోజనశాలలో ఒక్కొక్క ఆసనమునకు 70 లీటర్లు సమకూర్చవలెనని అంచనా వేసినది. ఇవి వాడిన నీటి లెక్కలు కావు, కట్టునాడు వేసికొను అంచనాలు మాత్రమే అని మేమెరుగుదుము. నిజముగా వాడినది తక్కువయు కావచ్చును, ఈతకొలనును పచ్చికబయలును చేరినచోట ఎక్కువయు కావచ్చును. ఎంతయో ఊరివారికి తెలియదు. మా వాదమంతయు ఈ ‘తెలియదు’ అను మాట చుట్టునే తిరుగుచున్నది.

55కును 320కిని నడుమ అంతరము కేవలము అంకెలలోనిది కాదు. పొద్దున్నే ఆ గదిని తుడిచి, దుప్పటి మార్చి, పింగాణి తొట్టిని మెరిపించు ఆడకూతురు సాయంకాలము ఇంటికి పోయి వీధి కుళాయి వద్ద బిందెల వరుసలో నిలుచును. ట్యాంకరు ఎప్పుడు వచ్చునోయని ప్రక్కింటి పిల్లను కాపలా ఉంచి పనికి వచ్చినదై యుండును. ఒకే మనిషి చేతులు ఒకే దినమున ఈ రెండు నీళ్లను చూచుచున్నవి. ఆ చీటిలో ఈమెను గూర్చి ఒక మాట ఉండదు.

హోటలు కర్చు పెట్టు నీరు ఊరి నీరేనని మరచిన పట్టణములకు కాలము గట్టి పాఠములే చెప్పినది. 2018 మే నెలలో సిమ్లా పట్టణమున కుళాయిలు ఎండినవి. వేసవి విడిది యని దేశము నలుమూలల నుండి జనము కొండ ఎక్కు కాలమది. ఊరివారు వీధులలో బైఠాయించిరి. యాత్రికులారా, ఈ ఏడు మా ఊరికి రాకుడు అని ఆ పట్టణ ప్రజలే దేశమునకు విన్నవించుకొనిరి. అతిథులతో బ్రతుకు ఊరు అతిథిని రావద్దని వేడుకొనుట కంటె దైన్యము వేరొకటి కలదా? బడులు మూసిరి, వేసవి ఉత్సవమును వాయిదా వేసిరి, హైకోర్టు కలుగజేసికొని పెద్దల ఇండ్లకు ప్రత్యేకముగా ట్యాంకర్లు పంపరాదని ఆజ్ఞాపించవలసి వచ్చినది. కరవు కేవలము వానలు లేనందున వచ్చినది కాదు. పాత గొట్టములు కారిపోవుట, కొండ భరించగలిగిన దానికి మించి కట్టడములు లేచుట, లెక్కలేక తోడుట, అన్నియు కలిసి వచ్చినవి.

మరుసటి యేడు చెన్నపట్టణము వంతు వచ్చినది. 2019 జూన్ నాటికి పూండి, చోళవరము, ఎర్రకొండలు, చెంబరంబాక్కము అను నాలుగు జలాశయములును ఎండి నెర్రెలు విచ్చినవి. ఈ పూండికి మనకును సంబంధము కలదు. 1983 నాటి ఒప్పందము మేరకు శ్రీశైలము నుండి కండలేరు మీదుగా కృష్ణా జలములు తెలుగుగంగ పేర అక్కడికే చేరును. ఆ వేసవిలో చెన్నైలోని భోజనశాలలు అనేకము వేళలు తగ్గించుకొన్నవి, కొన్ని మధ్యాహ్న భోజనమునే మానుకొన్నవి. జూలై 12న జోలార్‌పేట నుండి 50 వ్యాగన్లతో 25 లక్షల లీటర్ల నీరు రైలుమీద నగరమునకు వచ్చినది. ఆ రైలును చూచుటకు జనము గుమిగూడిరి, మంత్రులు పూలు చల్లిరి. మేము కాగితమును పెన్సిలును తీసికొని లెక్క వేసితిమి. ఆ రైలెడు నీరు 55 లీటర్ల చొప్పున 45 వేల మందికి ఒక దినము వచ్చును. ఐదు నక్షత్రముల అంచనా మేరకైతే 7,800 మందికి!

ఇచ్చట ఒక చిక్కు కలదు. నగరపాలక సంఘపు కుళాయి ఎండినను పెద్ద హోటలు కుళాయి ఎండదు, ట్యాంకరు వచ్చును. ఆ ట్యాంకరు నీరెక్కడిది? నగరపు పొలిమేర దాటిన పల్లెలో ఒక రైతు బోరుబావిది. వరి పండించుట కంటె నీరమ్ముకొనుట లాభమని ఆ రైతుకు తోచినచో ఆయనను నిందించి ఫలము లేదు. కాని ఆయన బోరు రేయింబవళ్లు నడచినచో ప్రక్క చేనువాని బోరు ఎండును, తరువాత ఊరి చేదబావి ఎండును. హోటలు లెక్కల పుస్తకములో ఇది ‘నీటి కర్చు, ఇన్ని రూపాయలు’ అని ఒక పంక్తి. నగరపాలక సంఘపు లెక్కలో ఇది బొత్తిగా లేదు. పల్లె పంచాయతీకి లెక్కయే లేదు. బావుల నమోదు, తవ్వకమునకు అనుమతి మొదలైన వానికి 2002లోనే మనకు వాల్టా చట్టము వచ్చినది. నీరు, భూమి, వృక్షములు మూడింటిని కాపాడుదుమని ఆ చట్టము పేరులోనే చెప్పుకొన్నది. రైతు పొలములో బోరు వేయునపుడు ఆ చట్టము గుర్తు వచ్చినంతగా, నూరు గదుల కట్టడము అడుగున బోరు దింపునపుడు కూడ గుర్తు రావలెను.

నీటి నుండి వంటింటికి పోదము, ఏలయన ఈ రెండును వేరు కావు. కడుగుటకు నీరు లేనిచోట పారవేయు పళ్లెము వచ్చును. తమిళనాడు ప్రభుత్వము 2019 జనవరి 1 నుండి పారవేయు ప్లాస్టిక్ వస్తువులను నిషేధించినది, ఆరు నెలలు తిరుగక మునుపే పళ్లెములు కడుగ నీరు లేని కరవు వచ్చి పడినది. హోటలుదారు రెండు ఆజ్ఞల నడుమ నలిగినాడు. 2022 జూలై 1 నుండి దేశమంతటను ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, కప్పులు, చెంచాలు, గొట్టములు నిషిద్ధములైనవి. నిషేధము మంచిదే. మరి దాని స్థానమున ఏమి రావలెనో ఎవరు చెప్పిరి?

మనవారికి ఎవరును చెప్పనక్కరలేదు. పూటకూళ్ల ఇండ్లలో ఎన్ని తరములు ఆకులో తినలేదు! గోదావరి లంకలలో అరటియాకు, తెలంగాణములో మోదుగాకు, ఉత్తరాంధ్ర మన్యములో అడ్డాకు. పాతదంతయు మంచిదని మేమనము. ఆ పూటకూళ్ల ఇంటిలోనే ఒక కులమువారికి చావడిలో పంక్తి, ఒక కులమువారికి వాకిట విస్తరి, ఒక కులమువారికి ఏమియు లేదు. ఎవడు పైస చెల్లించిన వానికి ఆ బల్లమీదనే ఇడ్డెన పెట్టిన హోటలు ఈ దేశమునకు చేసిన మేలు చిన్నది కాదు, దానిని వెనుకకు త్రిప్పవలెనని కోరువారి పక్షమున మేము లేము. పంక్తిభేదమును పారవేయుటలో ఆకును కూడ పారవేయుట మాత్రము అనవసరపు పని.

అడ్డాకు సంగతి కొంచెము వివరించవలెను. పాడేరు, పార్వతీపురము, సీతంపేట ప్రాంతముల అడవులలో పెద్ద చెట్లను అల్లుకొని పెరుగు తీగ అది. గిరిజన స్త్రీలు కొండ ఎక్కి ఆకు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు తెత్తురు. ఆకులను సన్నని పుల్లలతో కుట్టిన విస్తళ్లు మన పెండ్లిండ్లలోను గుడులలోను ఒకప్పుడు లేనిచోటు లేదు. థర్మకోలు పళ్లెమును, ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు పళ్లెమును వచ్చి వారి బేరమును పడగొట్టినవి. థర్మకోలును చట్టము ఆపినది, పూత కాగితము దాని పీటమీద కూర్చున్నది. అది చూడ కాగితము, లోన ప్లాస్టిక్, ఆవు తినలేదు, మన్ను అరగించుకొనలేదు. నీరు కరవైన పట్టణములోని హోటలు అడ్డాకు విస్తరిలో వడ్డించినచో కడుగు నీరు మిగులును, చెత్త ఎరువగును, కొండమీది ఇంటికి నాలుగు రూపాయలు చేరును. 1956 నుండి అడవి సరకును కొనుచు వచ్చిన గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణములోనే ఉన్నది. ఆ నగరపు హోటలుదారుల సంఘమును, ఆ సంస్థయును ఒక బల్ల వద్ద కూర్చుండుటకు ఢిల్లీ అనుమతి అవసరమా? అయితే ఒక హెచ్చరిక. గిరాకి పెరిగినదని కంట్రాక్టరులు తీగలను మొదలంట నరికించినచో ఇదియు మరియొక పచ్చపూతయే యగును. కోయుట ఆ ఊరి స్త్రీల చేతిలోనే, వారు నిర్ణయించిన ఋతువులోనే, వారికి గిట్టుబాటగు ధరకే జరుగవలెను.

ఇక మరిగిన నూనె. ఇది అందరకును తెలిసి ఎవరును మాటలాడని సంగతి. ఒకే నూనెను మరల మరల కాచిన కొలది అందులో చెడు పదార్థములు పెరుగును. ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2018 జూలై నుండి ఈ పదార్థములు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వాడరాదని నిర్ణయించినది. ఆ యేడే ఆగస్టులో వాడిన నూనెను సేకరించి బయోడీసెలుగా మార్చు పథకమును ఆరంభించెను. దినమునకు 50 లీటర్లకు మించి నూనె వాడువారు లెక్క వ్రాసియుంచవలెనని తరువాత ఆజ్ఞ వెలువడినది. ఆజ్ఞలు ఇంత చక్కగా ఉన్నను పెద్ద వంటశాల నల్లని నూనె తక్కువ ధరకు చేతులు మారి వీధి చివరి బజ్జీల మూకుడులో తేలుట అసాధ్యమా? పెద్ద హోటలు తన అతిథి ఆరోగ్యమును కాపాడుకొన్నది, కూలివాని కడుపు ఆ నూనెకు తూమైనది. మనము తిను వంటనూనెలో సగమునకు పైగా విదేశముల నుండి కొనుచున్నాము. అంత విలువ పెట్టి తెచ్చిన వస్తువు తుదకు పేదవాని రోగమై నిలుచుట కంటె, లారీలో ఇంధనమై కాలుట మేలు గదా. ప్రతి డబ్బాకు ఎవరికి పోసితిమి, ఎంత పోసితిమి అను రసీదు ఉన్న చాలును.

అన్నము పారవేయుట గూర్చి వ్రాయుటకు చేయి రాదు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగపు లెక్క మేరకు 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది, అందులో నూటికి 28 పాళ్లు హోటళ్లు, భోజనశాలల వంటి చోట్లది. ఇండ్లలో పోవునది అంతకు రెండింతలు కావున హోటళ్లనే నిందించుట న్యాయము కాదు. అయినను బఫే అను పేర నలువది వంటకములు వరుసగా పేర్చి, పళ్లెమునిండ ఎత్తుకొని సగము విడిచినవాడే రసికుడన్నట్లు నేర్పినది ఎవరు? 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు హోటళ్లు తడి చెత్తను సాధ్యమైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో వాయువుగానో మార్చవలెనని చెప్పినవి. ‘సాధ్యమైనంత వరకు’ అను మాటలో ఎన్ని లారీల అన్నము ఊరి బయటకు పోయినదో ఆ గుట్టలకే ఎరుక.

హోటలులో కూర్చుండగానే సర్వరు అడుగు మొదటి ప్రశ్న పాఠకులకు తెలిసినదే. మినరల్ వాటరా, మామూలు నీళ్లా? మామూలు నీరన్నవానిని ఒక విధముగా చూచును. ప్లాస్టిక్ సీసా 2022 నాటి నిషేధపు జాబితాలో లేదు. నమ్మదగిన నీరు గ్లాసులో పోయగలిగిన హోటలు సీసా అమ్ముకొనుట వ్యాపారమే గాని ఆతిథ్యము కాదు. సీసా లేక జరుగునా అనువారు తిరుమల కొండ చూడవచ్చును. అన్ని వేల మంది వచ్చిపోవు కొండమీద ప్లాస్టిక్ నీటి సీసాలను మాన్పించి గాజు సీసాలను వాడుకలోనికి తెచ్చిరి. మొదట సణిగిన యాత్రికులు అలవాటుపడిరి. అక్కడి అన్నప్రసాదపు వంటశాలలో 2002లోనే ఎండవేడితో ఆవిరి పుట్టించి దినమునకు 15 వేల మందికి వండు ఏర్పాటు చేసిరి. దేవుని వంటశాలకు చేతనైనది వ్యాపారి వంటశాలకు చేతకాదనుట ఒప్పుకొనము. అయితే అక్కడ ఆజ్ఞ ఒకటి, పాలకమండలి ఒకటి, కొండకు త్రోవ ఒకటి. ఊరిలో అది అంత సులభము కాదని మాత్రము ఒప్పుకొందుము.

ఈ విషయములలో పెద్ద హోటళ్లు ఏమియు చేయలేదనుట అసత్యము. చెన్నైలో 2012లో వెలసిన 600 గదుల ఐటీసీ గ్రాండ్ చోళ అంతర్జాతీయముగా పేరొందిన లీడ్ ప్లాటినం పతకమును పొందినది. వాడిన నీటిని శుద్ధిచేసి తోటలకును మరుగుదొడ్లకును మరల వాడుట, గాలిమరల కరెంటు తీసికొనుట, తక్కువ కరెంటుతో చల్లదనము తెచ్చు యంత్రములు అమర్చుట, ఇవన్నియు మెచ్చదగినవే. మూలధనము ఉన్నవారు చేయగలరు, చేయవలెను. కాని వీధిలోని ఇరువది బల్లల ఉడిపి హోటలునకు పతకముల పరీక్షకు రుసుము కట్టు శక్తి ఎక్కడిది? దానికి వచ్చునది పతకము కాదు, జరిమానా. ప్లాస్టిక్ సంచి దొరికినదని చిన్న టిఫిను కొట్టువానికి చలానా వ్రాయుట సులభము. పెద్ద భవనపు నేలమాళిగలో మురుగుశుద్ధి యంత్రము నడచుచున్నదో, కరెంటు కర్చు తప్పించుటకు కట్టివేసి మురుగును వాన కాలువలోనికి వదలుచున్నారో చూచుటకు మెట్లు దిగవలెను. మెట్లు దిగు ఇన్‌స్పెక్టరు అరుదు. నిజము చెప్పవలెనన్న, బకెట్టు స్నానము, స్టీలు గ్లాసు, అడిగినంతయే వడ్డించు పద్ధతి, పాత తువ్వాలును చించి బల్ల తుడుచుట, ఇవి గల చిన్న హోటలు ఏ పతకమును ఎరుగక యే ఒక్కొక్క అతిథికి తక్కువ నీటితో బ్రతుకుచున్నది. దాని వంటింటి పొగయు, పనివాని పొద్దు చాలని జీతమును వేరు కథలు. వానిని దాచి దానిని పొగడుట మా ఉద్దేశము కాదు.

హోటలుదారులు చెప్పు సమాధానమును విన్నాము. అతిథి కోరినది ఇయ్యకున్న ప్రక్క హోటలునకు పోవును, మేమొక్కరమే జల్లు తగ్గించి, సీసా మాని, బఫే చిన్నది చేసినచో నష్టపోవుదుము అందురు. ఇది నిజమే. కనుకనే ఇది ఒక్కొక్కరి మంచితనమునకు విడువదగిన పని కాదు. అందరకు ఒకే కొలత ఉన్నపుడు మంచివాడు నష్టపోడు.

ఆ కొలత ఏమి? మేము కోరునది పెద్ద చట్టము కాదు. ఇన్ని గదులకు మించిన ప్రతి హోటలును నెల నెలకు మూడు అంకెలు ప్రకటించవలెను. కుళాయి, బోరు, ట్యాంకరు మూడింటిని కలిపి అతిథి యొక్కరికి రోజునకు ఎన్ని లీటర్ల నీరు వాడినది, గేటు దాటి బయటకు ఎన్ని కిలోల చెత్త పంపినది, వాడిన నూనె ఎన్ని లీటర్లు ఎవరికి అప్పగించినది. ఈ మూడు అంకెలు తువ్వాలు మీద కాదు, వీధి గుమ్మమునందు, ఊరివారు చదువగలిగిన తెలుగులో, నల్లబల్లమీద సుద్దతో వ్రాసినను చాలును. ట్యాంకరు నీరు ఏ ఊరిదో ఆ ఊరి పేరును వ్రాయవలెను. ఆ పల్లెవాడు ఒకనాడు నగరమునకు వచ్చి ఆ బల్లమీద తన ఊరి పేరును చదివిన దినమున నీటి ధరను గూర్చిన చర్చ నిజముగా మొదలగును. చిన్న హోటళ్లకు ఈ భారము వద్దు. వారికి నీటి మీటరును, నూనె డబ్బాను నగరపాలక సంఘమే ఇచ్చి, లెక్క తానే వ్రాసికొనవచ్చును.

ఆరంభము ప్రభుత్వము నుండియే కావలెనని మా కోరిక. తెలుగు రాష్ట్రముల పర్యాటక సంస్థలు తమ హోటళ్లకు ‘హరిత’ యని పేరు పెట్టుకొన్నవి. కొండమీదను సముద్రపుటొడ్డునను ఆ పేరు పలకలు నిలిచినవి. పేరు తామే కోరి పెట్టుకొన్నది గనుక మొదటి నల్లబల్ల ఆ గుమ్మములందే వ్రేలాడుట న్యాయము. అరకు లోయకు చలికాలమున జనము క్రిక్కిరిసినపుడు అక్కడి గెడ్డలలో నీరెంత, గదులలో పోయునదెంత అని గిరిజన గ్రామమువారు చదివి తెలిసికొనగలిగినచో, మంత్రుల ప్రసంగములకంటె అది ఎక్కువ మాటలాడును.

వ్యాపార లైసెన్సులు గడువు ముగిసినపుడు క్రొత్తవి కోరవలసియుండును. ఆ దరఖాస్తు కాగితమున మూడు గడులు చేర్చుటకు శాసనసభ సమావేశము అక్కరలేదు, కమిషనరు సంతకము చాలును. విశాఖ, విజయవాడ, తిరుపతి, వరంగల్లు, హైదరాబాదు కమిషనరులలో ఆ గడులను మొదట అచ్చు వేయించువారెవరో చూడ మేము వేచియున్నాము. తక్కిన నలుగురి పేర్లును ఏప్రిలు మాసపు సంచికలలో వరుసగా ప్రకటింతుము.